మైనర్‌ను పోలీసులు పట్టుకెళ్తే చట్టం ఏం చెబుతోంది? మొదటి 24 గంటల్లో తల్లిదండ్రులు ఏం అడగాలి?

రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగుతుంది. ‘‘మీ అబ్బాయి స్టేషన్‌లో ఉన్నాడు, ఒకసారి రండి’’ అంటారు అవతలి నుంచి. బైక్ దొంగతనం కావచ్చు, కాలేజీ గేటు దగ్గర కొట్లాట కావచ్చు, సెల్‌ఫోన్ స్నాచింగ్ కావచ్చు. పిల్లాడికి 16 ఏళ్లో, 17 ఏళ్లో ఉంటాయి.

ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని తెలిసిన నాయకుడికి ఫోన్ కొట్టడం. రెండోది, ఎంతో కొంత ఇచ్చి బయటపడేయొచ్చా అని ఆరా తీయడం. ఆ హడావుడిలో పిల్లాడి వయసు చూపించే కాగితం ఇంట్లోనే ఉండిపోతుంది. పిల్లాడితో ఏదో రాయించి సంతకం పెట్టించుకున్నా ఎవరూ అభ్యంతరం చెప్పరు. తెల్లారేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

18 ఏళ్లు నిండనివారి కేసు పెద్దవాళ్ల కేసులా నడవదు. అదుపులోకి తీసుకోవడం నుంచి బెయిల్, విచారణ, శిక్ష, చివరికి రికార్డు చెరిపేయడం దాకా అన్నిటికీ వేరే దారి ఉంది. ఆ దారి వేసింది 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం. ఇది 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. 2021లో పార్లమెంటు దీన్ని సవరించింది. ఆ సవరణలు 2022 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాయి. చట్టాన్ని ఎలా అమలు చేయాలో చెప్పే నమూనా నిబంధనలను కేంద్రం 2016లోనే ఇచ్చింది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2023లో దేశవ్యాప్తంగా మైనర్లపై 31,365 కేసులు నమోదయ్యాయి. పట్టుబడినవారిలో ఎక్కువమంది 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారే. అంటే ఇంటర్, డిప్లొమా చదివే వయసు.

స్టేషన్‌లో మొదటి కొన్ని గంటలు

ఈ చట్టం పిల్లల విషయంలో ‘అరెస్టు’ అనే మాట వాడదు. ‘నిందితుడు’, ‘నేరస్థుడు’ లాంటి మాటలు కూడా వాడొద్దని సెక్షన్ 3లోనే ఉంది. ‘చట్టంతో విభేదించిన బాలుడు’ అంటుంది. వార్తల్లో మాత్రం ‘బాల నేరస్థుడు’ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. పేరు మార్చినంత మాత్రాన ఏమవుతుందని అనిపించొచ్చు. కానీ 18 ఏళ్లలోపు వారికి నేరబుద్ధి లేదనే భావనతో మొదలుపెట్టాలన్నది ఈ చట్టం పునాది. మాటల మార్పు దాన్నుంచి వచ్చిందే.

ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఏఎస్ఐ స్థాయికి తగ్గని ఒక అధికారిని బాలల సంక్షేమ పోలీసు అధికారిగా నియమించాలి. జిల్లాకు, నగరానికి డీఎస్పీ స్థాయి అధికారి ఆధ్వర్యంలో ప్రత్యేక జువైనల్ పోలీసు విభాగం ఉండాలి. పిల్లాడిని ఎవరు పట్టుకున్నా వెంటనే వీరిలో ఒకరికి అప్పగించాలి. ఆ అధికారి పిల్లాడితో యూనిఫాంలో కాకుండా మామూలు బట్టల్లో మాట్లాడాలి. స్టేషన్‌కు వెళ్లిన తల్లిదండ్రులు వేయాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ‘‘ఇక్కడ పిల్లల కేసులు చూసే అధికారి ఎవరు సార్?’’ ఆ పేరు అడిగితే చాలు, వచ్చినవారికి నిబంధనలు తెలుసని అవతలివారికి అర్థమవుతుంది.

ఏ పరిస్థితిలోనూ మైనర్‌ను లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. సెక్షన్ 10 దీనికి మినహాయింపు ఇవ్వలేదు. హత్య కేసైనా సరే. చేతికి బేడీలు వేయకూడదు. కొట్టకూడదు, బెదిరించకూడదు. నేరం ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు. మాట్లాడించాలంటే స్టేషన్ వాతావరణం కనిపించని చోటే మాట్లాడించాలి. ఆ సమయంలో తల్లి గానీ తండ్రి గానీ పక్కన ఉండొచ్చు. ‘బయట కూర్చోండి, మేం మాట్లాడి పంపిస్తాం’ అన్నప్పుడు ఈ మాట గుర్తుచేయాలి.

అన్నిటికంటే ముఖ్యం సంతకం. పిల్లాడితో ఎలాంటి వాంగ్మూలం మీదా సంతకం పెట్టించకూడదని నమూనా నిబంధనల్లోని 8వ నిబంధన స్పష్టంగా చెబుతోంది. పిల్లాడిని ఇంటికి పంపేటప్పుడు తల్లిదండ్రుల నుంచి హామీపత్రం తీసుకుంటారు. అది వేరే విషయం. దానిమీద పెద్దవాళ్లే సంతకం చేస్తారు, చదివి చేయాలి.

పట్టుకున్న సంగతిని పోలీసులు తల్లిదండ్రులకు, ప్రొబేషన్ అధికారికి చెప్పాలి. ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. చెప్పలేదనిపిస్తే కుటుంబమే 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. అది న్యాయ సేవల హెల్ప్‌లైన్. పిల్లాడిని కొడుతున్నారనో, రాత్రంతా స్టేషన్‌లోనే ఉంచారనో అనుమానం ఉంటే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది. లాయరును పెట్టుకునే స్తోమత ఉందా లేదా అన్నదానితో సంబంధం లేదు. న్యాయసేవల చట్టం ప్రకారం పిల్లలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు.

అన్ని కేసుల్లో ఎఫ్‌ఐఆర్ ఉంటుందా?

ఉండదు. చాలామందికి తెలియని విషయం ఇదే. చట్టం నేరాలను మూడు రకాలుగా విడదీసింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ల లోపు ఉంటే చిన్న నేరం. అంతకు మించి ఏడేళ్ల దాకా ఉంటే తీవ్ర నేరం. కనీస శిక్షే ఏడేళ్లు, ఆపైన ఉంటే హేయమైన నేరం.

మైనర్‌పై ఎఫ్‌ఐఆర్ పెట్టాల్సింది హేయమైన నేరం అయితేనే, లేదా పెద్దవాళ్లతో కలిసి నేరం చేశాడన్న ఆరోపణ ఉంటేనే. మిగతా కేసుల్లో విషయాన్ని స్టేషన్ జనరల్ డైరీలో రాసి, పిల్లాడి కుటుంబ నేపథ్యంపై నివేదికతో పాటు బోర్డుకు పంపితే చాలు. అదుపులోకి తీసుకోవడం కూడా సాధారణంగా హేయమైన నేరాల్లోనే. పిల్లాడి మేలు కోసం అవసరమైతే తప్ప మిగతా కేసుల్లో పట్టుకెళ్లాల్సిన పని లేదు. ఏ రోజు బోర్డు ముందుకు తీసుకురావాలో తల్లిదండ్రులకు చెబితే సరిపోతుంది.

ఉదాహరణకు మామూలు దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత ప్రకారం గరిష్ఠ శిక్ష మూడేళ్లు. స్నాచింగ్‌కూ అంతే. అంటే ఒక మైనర్ ఒంటరిగా సెల్‌ఫోన్ లాక్కెళ్లాడన్న కేసులో ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. కానీ పక్కన 19 ఏళ్ల స్నేహితుడు బైక్ నడిపాడనుకోండి, లెక్క మారిపోతుంది. అప్పుడు ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, దాని కాపీ తల్లిదండ్రులకు ఇవ్వాలి. అయితే ఇద్దరినీ కలిపి ఒకే కోర్టులో విచారించడం కుదరదు. పెద్దవాడి కేసు మామూలు కోర్టులో, పిల్లాడిది బోర్డులో నడుస్తాయి.

రౌడీషీట్ల హడావుడి ఉన్నప్పుడు, ఎన్నికలప్పుడు వినిపించే ‘బైండోవర్’ కూడా మైనర్లకు వర్తించదు. శాంతిభద్రతల పేరుతో పూచీకత్తు రాయించుకునే ప్రక్రియను పిల్లలపై నడపొద్దని సెక్షన్ 22 చెబుతోంది.

అసలు తాళంచెవి వయసు కాగితం

ఇప్పటిదాకా చెప్పుకున్న రక్షణలన్నీ ఒక్క విషయం మీద ఆధారపడి ఉన్నాయి. నేరం జరిగిందంటున్న రోజు నాటికి వయసు 18 నిండలేదని తేలాలి. పట్టుబడిన రోజు వయసు కాదు, కేసు విచారణకు వచ్చిన రోజు వయసూ కాదు. 17 ఏళ్ల 11 నెలలప్పుడు జరిగిన గొడవలో 20 ఏళ్లకు పట్టుకున్నా కేసు బాలల న్యాయ మండలికే వెళ్లాలి.

వయసు దేనితో తేలుస్తారు? సెక్షన్ 94 ఒక వరుస పెట్టింది. మొదట స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం, లేదా పదో తరగతి బోర్డు సర్టిఫికెట్. మన దగ్గరైతే ఎస్‌ఎస్‌సీ మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ, కార్పొరేషన్ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఈ రెండూ లేనప్పుడు మాత్రమే ఎముకల పరీక్ష. దాన్ని ఆదేశించిన 15 రోజుల్లో పూర్తిచేయాలి. ఎముకల పరీక్ష కచ్చితమైన వయసు చెప్పదు. రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చు కాబట్టి 17, 18 ఏళ్ల మధ్య దాన్ని నమ్ముకోవడం ఇరువైపులా ప్రమాదమే.

ఆధార్ ఈ వరుసలో లేదు. చాలామంది స్టేషన్‌కు మొదట పట్టుకెళ్లేది అదే. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, దానికంటే స్కూలు సర్టిఫికెట్‌కే విలువ ఎక్కువని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. ఆ సందర్భంలో కోర్టు ప్రస్తావించింది ఈ సెక్షన్ 94నే. టీసీ ఒక్కటే చూపిస్తే కూడా సరిపోకపోవచ్చు. టీసీని, అడ్మిషన్ రిజిస్టర్ నకలును సెక్షన్ 94 చెప్పిన పత్రాలుగా పరిగణించలేమని 2023 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి పది పాసైతే మెమో, లేకపోతే స్కూలు నుంచి పుట్టిన తేదీ ధ్రువపత్రం, దాంతోపాటు జనన ధ్రువపత్రం తీసుకోవడం మంచిది.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. స్కూల్లో సీటు కోసం పిల్లాడి పుట్టిన తేదీని ఆరు నెలలో, ఏడాదో ముందుకు జరిపి రాయించడం మామూలే. ‘అసలు వయసు ఇంకా తక్కువ’ అని తర్వాత చెబితే బోర్డు వినాల్సిన అవసరం లేదు. మొదటి వరుసలో ఉన్న కాగితం ఉండగా కింది వరుసకు వెళ్లరు. ఒకటో తరగతి అడ్మిషన్ కోసం వేసిన తేదీ పదిహేనేళ్లకు ఎక్కడ తగులుతుందో ఎవరూ ఊహించరు.

వయసు విషయాన్ని ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2025 జనవరి 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి చాలు. ఇప్పటి ఉత్తరాఖండ్‌లో 1994లో జరిగిన హత్యల కేసులో ఒకరికి కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. బ్యాంకు ఖాతా ఉంది కదా, మేజరే అయి ఉంటాడని ఆ కోర్టు భావించింది. 2012లో రాష్ట్రపతి ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. 60 ఏళ్లు వచ్చేదాకా విడుదల చేయకూడదన్న షరతు పెట్టారు. చివరికి స్కూలు రికార్డు చూశాక తేలింది ఏమిటంటే, నేరం జరిగేనాటికి ఆయన వయసు 14 ఏళ్లు. అప్పటికే 25 ఏళ్లు జైల్లో గడిపారు. వెంటనే విడుదల చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ విడుదలకు వీలు కల్పించింది సెక్షన్ 9. నేరం నాటికి మైనర్‌నని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా చెప్పుకోవచ్చు. విన్న కోర్టు విచారణ జరిపి తేల్చాల్సిందే.

24 గంటలు, సెలవు రోజైనా సరే

పట్టుకున్న పిల్లాడిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ‘రేపు ఆదివారం, బోర్డు కూర్చోదు’ అన్నది కారణం కాదు. బోర్డు సమావేశం లేనప్పుడు ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చని సెక్షన్ 7 చెబుతోంది. ఈలోపు స్టేషన్ నుంచే తల్లిదండ్రులతో పంపించే అధికారం స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు ఉంది. పంపకపోతే ఉంచాల్సింది అబ్జర్వేషన్ హోమ్‌లోనే. హైదరాబాద్‌లో సైదాబాద్ హోమ్ పేరు ఈ సందర్భంలోనే ఎక్కువగా వింటుంటాం.

బోర్డులో ముగ్గురు ఉంటారు. ఒకరు కనీసం మూడేళ్ల అనుభవం ఉన్న మేజిస్ట్రేట్. మిగతా ఇద్దరు సామాజిక కార్యకర్తలు. వారిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. ఆ గది కోర్టు హాలులా కనిపించకూడదు. ఎత్తైన వేదిక, సాక్షి బోను ఉండకూడదు. సినిమాల్లో చూసిన కోర్టు సీను ఊహించుకుని భయపడే పిల్లలకు ఇది ముందే చెబితే మంచిది.

బెయిల్ విషయంలో ఈ చట్టం మామూలు క్రిమినల్ చట్టాన్ని పక్కన పెట్టేస్తుంది. బెయిలబుల్, నాన్ బెయిలబుల్ తేడా లేదు. బెయిల్ ఇవ్వడమే నియమం. పూచీకత్తు లేకుండానైనా, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలోనైనా పంపొచ్చు. నిరాకరించడానికి మూడే కారణాలు ఉన్నాయి. బయటికి వస్తే పాత నేరస్థులతో కలుస్తాడని నమ్మడానికి ఆధారం ఉండాలి. లేదా పిల్లాడికే నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదం ఉండాలి. లేదా విడుదల న్యాయానికే విఘాతం కావాలి. ఏ కారణమో రాతపూర్వకంగా చెప్పాలి. బెయిల్ వచ్చినా షరతులు తీర్చలేక వారం రోజులు హోమ్‌లోనే ఉండిపోతే పిల్లాడిని మళ్లీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు సడలించే విషయం చూడాలి. పేద ఇళ్ల పిల్లలకు ఈ చివరి నిబంధన చాలా ముఖ్యం. దాన్ని అడిగేవారు తక్కువ.

ఈ బెయిల్ నియమం జనానికి ఎంత కోపం తెప్పించగలదో 2024 మే నెలలో పుణెలో చూశాం. 17 ఏళ్ల కుర్రాడు నడుపుతున్న పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. ఆ రోజే బెయిల్ వచ్చింది. షరతుల్లో రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం రాయడం ఒకటి. దేశమంతా మండిపడింది. తర్వాత అతన్ని అబ్జర్వేషన్ హోమ్‌కు పంపారు. బెయిల్ రద్దు చేయకుండా హోమ్‌లో ఉంచడం చట్టవిరుద్ధమంటూ జూన్ 25న బాంబే హైకోర్టు విడుదలకు ఆదేశించింది.

చనిపోయినవారి కుటుంబాల బాధ ముందు ఏ సెక్షన్ అయినా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ వ్యాసం షరతు మీద వచ్చిన కోపాన్ని మైనర్లకు బెయిలే ఉండకూడదన్న వాదనగా మార్చడం సరికాదు. ఆ మార్పు వస్తే దెబ్బ తగిలేది పోర్షే నడిపేవారికి కాదు. పూచీకత్తుకు పదివేలు తేలేని ఇళ్ల పిల్లలకు తగులుతుంది.

బండి తాళాలు ఇచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. మైనర్ వాహనం నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ కింద సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

16 దాటితే పెద్దవాళ్లలాగే విచారిస్తారా?

అందరినీ కాదు. ఈ నిబంధన ఎలా వచ్చిందో చూస్తే సంగతి అర్థమవుతుంది. పిల్లలకు వేరే చట్టం ఉండాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1920లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో బాలల చట్టం వచ్చింది. అప్పటి ఆంధ్ర జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. 1986 నాటి జాతీయ చట్టంలో అబ్బాయిలకు 16, అమ్మాయిలకు 18 ఏళ్లు పరిమితి. 2000 చట్టం ఇద్దరికీ 18 చేసింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘటన తర్వాత చర్చ మళ్లీ మొదలైంది. ఆ కేసులోని మైనర్ మూడేళ్ల గడువు ముగించుకుని 2015 డిసెంబరు 20న విడుదలయ్యాడు. రెండు రోజులకే రాజ్యసభ ప్రస్తుత చట్టాన్ని ఆమోదించింది.

దీని ప్రకారం రెండు షరతులూ కలిసి ఉండాలి. వయసు 16 నుంచి 18 మధ్య ఉండాలి. ఆరోపణ హేయమైన నేరం అయి ఉండాలి. ‘హేయం’ అంటే జనానికి కలిగే అసహ్యం కాదు, చట్టంలో కనీస శిక్ష ఏడేళ్లు ఉండటం. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా కనీస శిక్ష రాసి లేకపోతే అది హేయమైన నేరం కాదని 2020 జనవరిలో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలో మైనర్ నడిపిన కారు ఢీకొని ఒకరు చనిపోయిన కేసు అది. 2021 సవరణలో ఇదే విషయాన్ని చట్టంలో చేర్చారు. హత్య కిందకు రాని నరహత్య నేరం ఇలాంటిదే. పుణె కేసులో కుర్రాడిని పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల అభ్యర్థనను బోర్డు 2025 జులైలో తిరస్కరించింది.

మరోవైపు, జనం అంత ఘోరంగా చూడని కొన్ని కేసులు ఈ గీత దాటేస్తాయి. ఇద్దరూ ఇష్టపడి ఇంట్లోంచి వెళ్లిపోయిన ఇంటర్ విద్యార్థుల సంగతి చూడండి. అమ్మాయి ఇంట్లోవాళ్లు ఫిర్యాదు చేస్తే పోక్సో వస్తుంది. 18 ఏళ్లలోపు ఇష్టానికి చట్టంలో విలువ లేదు. లైంగిక సంబంధం ఉందని ఆరోపిస్తే కనీస శిక్ష 10 ఏళ్లు, అమ్మాయికి 16 లోపుంటే 20 ఏళ్లు. అంటే 17 ఏళ్ల అబ్బాయి హేయమైన నేరం జాబితాలోకి వెళ్లిపోతాడు. గంజాయి మరొకటి. 20 కిలోలకు మించితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష 10 ఏళ్లు. మన్యం నుంచి నగరాలకు సరుకు తెచ్చే ముఠాలు మైనర్లను ముందు పెట్టేది వారికి శిక్ష తక్కువనే ధీమాతోనే. పిల్లలతో మత్తుపదార్థాలు మోయించినవారికి సెక్షన్ 78 కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు ఉంది. పిల్లాడి తరఫు లాయరు ఆ సెక్షన్‌ను ముందుకు తేవాలి. సంచి మోసినవాడి వెనుక ఎవరున్నారో అడగకపోతే కేసు అతనితోనే ఆగిపోతుంది.

హేయమైన నేరం అయినంత మాత్రాన నేరుగా పెద్దవాళ్ల విచారణ ఉండదు. బోర్డు ముందుగా ప్రాథమిక అంచనా వేయాలి. ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానాలు అర్థమయ్యాయా, ఏ పరిస్థితుల్లో జరిగింది అన్నది చూడాలి. నేరం చేశాడా లేదా అన్నది ఈ దశలో తేల్చరు. బోర్డు సభ్యుల్లో బాలల మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేకపోతే నిపుణుల సహాయం తీసుకోవాల్సిందేనని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దవాడిగా విచారించాలని బోర్డు భావిస్తే కేసు బాలల కోర్టుకు వెళ్తుంది. అక్కడ మళ్లీ పరిశీలిస్తారు. బోర్డు ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఈ గడువు దాటనివ్వకూడదు.

పెద్దవాడిగా విచారించి దోషిగా తేలినా 21 ఏళ్లు వచ్చేదాకా జైలుకు పంపరు, సురక్షిత గృహంలో ఉంచుతారు. ఉరిశిక్ష గానీ, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం గానీ వేయకూడదు.

ఏడేళ్లలోపు పిల్లలు చేసింది ఏదైనా అసలు నేరమే కాదు. 7 నుంచి 12 మధ్య వయసువారికి చేసిన పని అర్థమయ్యే పరిణతి లేదని తేలితే వారిదీ నేరం కాదు.

విచారణ ఎన్నాళ్లు, చివరికి ఏం చేస్తారు?

మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగియాలి. మరో రెండు నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరాల్లో అప్పటికీ తేలకపోతే కేసు అక్కడితో ఆగిపోతుంది. ఈ గడువు దాటిన పాత కేసులు ఉన్న కుటుంబాలు బోర్డులో ఆ మాట లేవనెత్తాలి. ఆచరణలో సంగతి వేరు. ఇండియా జస్టిస్ రిపోర్ట్ అధ్యయనం ప్రకారం 2023 అక్టోబరు చివరి నాటికి బోర్డుల ముందున్న కేసుల్లో 55 శాతం పెండింగ్‌లో ఉన్నాయి.

ఈలోగా ప్రొబేషన్ అధికారి ఇంటికి వస్తారు. స్కూలు, స్నేహితులు, ఇంటి పరిస్థితి అడిగి 15 రోజుల్లో సామాజిక నివేదిక ఇవ్వాలి. చాలా కుటుంబాలు పరువు పోతుందని ఆయనకు నిజాలు చెప్పవు. తండ్రి తాగుడు, చదువు మానేయడం, బస్తీలో ఎవరి వెంట తిరుగుతున్నాడు అన్నవి దాచేస్తాయి. బోర్డు నిర్ణయానికి ఆధారం ఆ నివేదికే కాబట్టి దాస్తే నష్టపోయేది పిల్లాడే.

తప్పు చేశాడని తేలితే మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులకు జరిమానా, ప్రొబేషన్ మీద విడుదల లాంటివి ఉన్నాయి. ప్రత్యేక గృహానికి పంపినా మూడేళ్లకు మించకూడదు.

ఫొటో ఫార్వర్డ్ చేస్తే

బస్తీ వాట్సాప్ గ్రూపులో ‘ఈ కుర్రాళ్లే దొంగలు, జాగ్రత్త’ అంటూ సీసీటీవీ క్లిప్ వస్తుంది. పేరు, కాలనీ, కాలేజీ అన్నీ ఉంటాయి. మైనర్ గుర్తింపు బయటపెట్టడం సెక్షన్ 74 కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పత్రికలు, టీవీలతో పాటు ‘ఇతర సమాచార రూపాలు’ అని కూడా చట్టంలో ఉంది కాబట్టి ఫోన్లో ఫార్వర్డ్ చేసేవారు మినహాయింపు కాదు. పేరు రాయకుండా తండ్రి పేరు, వీధి పేరు రాసినా ఫలితం ఒకటే. నేరం చేసినట్టు ఆరోపణ ఉన్న పిల్లలకే కాదు, బాధితులు, సాక్షులైన పిల్లలకూ ఈ రక్షణ ఉంది.

ఉద్యోగానికి అడ్డమవుతుందా?

కానిస్టేబుల్, ఎస్ఐ పోస్టులకు సిద్ధమయ్యే యువత ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. సెక్షన్ 24 ప్రకారం మైనర్‌గా ఉన్నప్పుడు నడిచిన కేసు వల్ల ఏ అనర్హతా రాకూడదు. అప్పీలు గడువు ముగిశాక రికార్డులు ధ్వంసం చేయాలి. 16 దాటి, హేయమైన నేరంలో పెద్దవాడిగా విచారణ జరిగి దోషిగా తేలినవారికి మాత్రం ఇది వర్తించదు. ముగిసిపోయిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదని సెక్షన్ 74లోనే మరో మాట ఉంది.

సీఐఎస్ఎఫ్ ఉద్యోగానికి ఎంపికైన ఒక యువకుడి నియామకాన్ని మైనర్‌గా ఉన్నప్పటి కేసు కారణంగా రద్దు చేస్తే, 2019 నవంబరులో సుప్రీంకోర్టు అతని పక్షానే తీర్పిచ్చింది. అయినా అటెస్టేషన్ ఫారంలో ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా’ అన్న గడి దగ్గర ఇప్పటికీ పెన్ను ఆగిపోతుంది. ఆ గడి నింపేముందు బోర్డు ఇచ్చిన తుది ఉత్తర్వు ధ్రువీకృత కాపీ చేతిలో ఉంచుకోవాలి. బోర్డు కార్యాలయంలో దరఖాస్తు చేసి కేసు ముగిసిన వెంటనే దాన్ని తీసుకుని, పది మెమోతో పాటు ఇంట్లో భద్రపరచుకోవాలి. రికార్డు ధ్వంసం చేశాక అక్కడ అడిగినా కాపీ దొరకదు.